వంత పాడిన గొంతు

“ఆపండి!” రేడియో మెకానిక్ కంజీరను అరచేత్తో నొక్కిపట్టి అరిచాడు. “ఎవరది? చివర్లో అలా సాగదీస్తున్నదెవరు?”

పాట సగంలో తెగిపోయింది. చాపల మీద కూర్చున్న పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరమ్మతుకొచ్చిన రేడియోలన్నీ గోడవారకు నెట్టేస్తే అతని ముందుగదే ఆ వీధివాళ్లకి ప్రార్థన స్థలం. పాస్టరుగారు నెలకోసారి వస్తారు. మిగతా ఆదివారాలు ఆరాధన నడిపించేది మెకానిక్కే. అతను ఒక వరస పాడతాడు, అందరూ వంత పాడతారు.

“నాకేం తేడా వినబళ్లేదయ్యా,” అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు.

“మీకు వినబడదు మాస్టారూ. మీ పాటే మీకు వినబడదు.”

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. మెకానిక్ నవ్వలేదు. అతనివి పాము చెవులు. రేడియో కాస్త గుర్రుమంటే చాలు, ఏ వైరు వదులైందో మూత విప్పకుండానే చెప్పేస్తాడు. మూడు వారాలుగా వంతలో ఒక గొంతు అతన్ని తినేస్తోంది. ఆడగొంతు. శ్రుతికి వెంట్రుకవాసి కింద నడుస్తుంది. అందరూ ఆపేశాక కూడా చివరి “అయ్యా” మీద ఇంకాసేపు నిలబడిపోతుంది.

అతని చూపు ఇస్త్రీ అక్క మీద ఆగింది. ఆమె కూడికకి రావడం మొదలుపెట్టి సరిగ్గా మూడు వారాలు.

“అక్కా, ఏమీ అనుకోకు. నువ్వు ఊరికే పెదాలు కదుపు. గొంతు రానీకు.”

ఆమె మొహం మాడిపోయింది. “నేను దేవుడి కోసం పాడుకుంటున్నాను తమ్ముడూ, నీ కోసం కాదు.”

“దేవుడికీ చెవులుంటాయి కదక్కా.”

గుమ్మం పక్కన పీట మీద కూర్చున్న అతని అత్తగారు తలెత్తింది. “ఆ మాట మళ్లీ అనకు నాయనా,” అంది మెల్లగా. “నా కూతురితో అన్నావు. చాలు.”

గది చల్లబడిపోయింది. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. మెకానిక్ భార్య చనిపోయే ముందు ఏడాదంతా ఆ చాపల మీదే కూర్చుని, మొగుడు చెప్పినట్టే పెదాలు మాత్రం కదిపింది. ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఒక్క పల్లవి కూడా పైకి పాడలేదు.

మెకానిక్ కంజీర ఎత్తాడు. “మళ్లీ మొదట్నుంచి.”

“నీ గడప చేరితిమి, తలుపు తీయుమయ్యా...”

అందరూ అందుకున్నారు. ఇస్త్రీ అక్క తల వంచుకుని పెదాలు బిగించుకుంది. అయినా ఆ గొంతు ఉంది. వెంట్రుకవాసి కింద, అలాగే సాగుతూ.

“నర్సమ్మా, మీరు కూడా ఆపండి,” అన్నాడు అక్క పక్కన కూర్చున్నామెతో.

ఆపింది. గొంతు ఆగలేదు. మిగిలిన ఆడవాళ్లను కూడా ఒక్కొక్కరినే ఆపించాడు. మగవాళ్లు నలుగురే పాడుతున్నారు. వాళ్ల గొంతుల అడుగున, బావిలో నీళ్లలా, ఆ ఆడగొంతు. అది ఎవరిదో మొదటి వారమే అతనికి తెలుసు. తెలుసు కాబట్టే ఇంకెవరిదో అయితే బాగుండునని వెతుకుతున్నాడు.

“ఇప్పుడు ఎవ్వరూ పాడొద్దు,” అన్నాడు. నుదురంతా చెమట. “వరస నేనొక్కణ్నే ఎత్తుకుంటాను. వంత ఎవరూ అందుకోవద్దు.”

“ఎవరూ పాడకపోతే ఇంక అది ఆరాధన ఎలా అవుతుంది తమ్ముడూ?” అంది నర్సమ్మ.

“ఈ ఒక్కసారికి నా మాట వినండి.”

అతను వరస పాడి ఆగాడు. అంతలో వచ్చింది వంత. “నీ గడప చేరితిమి, తలుపు తీయుమయ్యా...” అని, చెవి పక్కనే నిలబడి పాడినట్టు. అతను చుట్టూ చూశాడు. పదిమంది నోళ్లూ మూసే ఉన్నాయి. కళ్లు మాత్రం విప్పారి ఉన్నాయి.

పాట ఆగగానే, “విన్నారా?” అన్నాడు వగరుస్తూ. “మీకూ వినబడింది కదూ? నాకు పిచ్చి పట్టలేదు కదూ?”

మాస్టారి చేతిలోని పాటల పుస్తకం జారి చాప మీద పడింది. ఇస్త్రీ అక్క కోపమంతా ఎటు పోయిందో, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

“ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పండి!”

అందరి చూపులూ అతని మొహం మీదే ఉన్నాయి. అతను లోపలి గదిలోకి పరుగెత్తాడు. మంచం కింద చూశాడు. వంటింట్లో చూశాడు. పెరటి తలుపు తీసి చూశాడు. తిరిగొచ్చి ఒక్కొక్క రేడియోకీ చెవి ఆనించాడు. అన్నీ మూగగానే ఉన్నాయి. కంజీర అందుకుని, గొంతు బొంగురుపోతున్నా మళ్లీ వరస ఎత్తుకున్నాడు.

ఈసారి వంత నిండుగా వచ్చింది. జంకూ గొంకూ లేకుండా, ఎవరి అనుమతీ అడగనట్టు. అతని కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. క్షమించమని అడుగుదామనుకున్నాడు. మాట పెగల్లేదు.

అత్తగారు పీట మీంచి లేచింది. గోడ పట్టుకుని, చాపలు దాటుకుంటూ అతని దాకా నడిచి వచ్చింది. పాట పూర్తయ్యేదాకా వినాలన్నట్టు ఒక్క క్షణం కళ్లు మూసుకుని నిలబడింది. తర్వాత అరచేతిని అల్లుడి నోటి మీద అదిమిపెట్టింది.

కూతురి గొంతు ఠక్కున ఆగిపోయింది.