ముళ్ళపంది పట్టిన చోట్లు

ఏటి ఒడ్డునున్న ఆ అడవి ఎవరి సొత్తూ కాదు. దారిన పోయే ఏ జంతువైనా నచ్చినచోట ఓ రాత్రి పడుకుని తెల్లారి లేచి పోవచ్చు. ముళ్ళపందికి అదే దిగులు. తనకు నచ్చిన చోటు ఇంకెవరైనా పట్టేస్తే?

నేరేడు చెట్టు కింద చోటు చూసుకుని, బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు, వీపు మీది ముళ్ళు కొన్ని పీకి అక్కడ గుచ్చింది. అంతలో ఇసుక తిన్నె ఇంకా బావుందనిపించింది. అక్కడా గుచ్చింది. రెల్లు పొద దగ్గర చల్లగా ఉందని అక్కడా గుచ్చింది. మళ్ళీ నేరేడు చెట్టు దగ్గరికి పరుగెత్తి, ముళ్ళు ఉన్నాయని చూసుకుని కూడా అనుమానం తీరక ఇంకో గుప్పెడు గుచ్చింది.

"పడుకునేది ఒక్కచోటే గదా మామా, కాస్త కుదురుగా కూర్చో," అంది గడ్డిలో ముడుచుకున్న కుందేలు.

"నీకేం, ఎక్కడైనా ఒకటే. మంచి చోటు పోతే మళ్ళీ దొరుకుతుందా?" అంటూ ముళ్ళపంది ఏటి పొడుగునా కనబడ్డ చోటల్లా ముళ్ళు గుచ్చుతూ పరుగు తీసింది.

పొద్దు వాలింది. పొద కదిలి చిరుత బయటికొచ్చింది. కుందేలు ఒక్క దూకులో మాయమైంది. ముళ్ళపంది బెదరలేదు. ఎప్పటిలాగే వెనక్కి తిరిగి ధీమాగా వీపు విదిలించింది.

గలగలమన్న చప్పుడు రాలేదు. ముళ్ళన్నీ ఏటి పొడుగునా చోట్లు కాస్తున్నాయి.