టవరెక్కిన మనిషి

గేటు ముందు నిలబడ్డ మనిషి బెల్లు కొట్టలేదు. తలెత్తి మేడ మీది టవరునే చూస్తున్నాడు.

భుజాన సంచి. అందులోంచి నల్లటి కేబులు ముక్క తొంగి చూస్తోంది.

“హమ్మయ్య, వస్తివా! కదిరవన్ పంపినాడా?” అంది తిలకవతి.

ఆయన నవ్వాడు. నోరు మాత్రం విప్పలేదు.

“యా ఊరు మీది?”

మళ్లీ నవ్వే. చెయ్యెత్తి ఉత్తరం దిక్కు చూపించాడు.

హిందీవాడేమోలే అనుకుంది. ఈ మధ్య మూలకుళంలో ఏ పనికి పిలిచినా వాళ్లే కదా వస్తున్నారు!

నిజానికి ఆ టవరు జోలికి పిట్టను కూడా రానివ్వడు ఆమె మొగుడు ముకుందన్. కరెంటాఫీసులో రిటైరయ్యాక ఆయన లోకమంతా హామ్ రేడియోనే. పొద్దున లేస్తే సెట్టు ముందు కూర్చుని, మాటల్ని తట్టుళ్లుగా పంపే మోర్సు కీ మీద టకటకా కొడుతూ యానాంలో ఉండే సత్తిరాజుతో కబుర్లు. ఏళ్ల తరబడి ఇదే వరస.

ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. గొంతు విన్నదీ లేదు. ఫోన్ నెంబరు అడిగితే, “మనకిది చాలదా?” అని దాటేసేవాడు సత్తిరాజు.

“ఊరంతా కలిసి తట్టినా సరే, సత్తిరాజు తట్టుడు నాకు తెలిసిపోతాది” అని ముకుందన్ గొప్పలు పోయేవాడు.

అలాంటి సత్తిరాజు వారంగా సరిగా వినబడటం లేదు. రోజురోజుకీ సన్నగిల్లి, సన్నగిల్లి, ఆఖరికి ఏమీ లేకుండా పోయాడు. “నీ టవరు చూసుకో” అన్నదే చివరిగా అందిన మాట.

“నా టవరుకేం రోగం? వానికే ఏదో అయింది. నా దగ్గర దాస్తా ఉండాడు” అంటూ ముకుందన్ తిండి కూడా మానేశాడు.

మనిషి చూస్తుండగానే వాడిపోతుంటే ఇల్లాలు ఊరుకుంటుందా? ఉప్పళంలో కేబుల్ టీవీ కొట్టు పెట్టుకున్న కదిరవన్‌కు గుట్టుగా ఫోన్ చేసి, టవరెక్కే మనిషిని పంపమంది.

వచ్చిన మనిషి సరాసరి సెట్టున్న గదిలోకి నడిచాడు. ముకుందన్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. వచ్చినాయన దగ్గరికెళ్లి బల్ల అంచు మీద వేళ్లతో తట్టాడు.

ముకుందన్ ఉలిక్కిపడ్డాడు.

“ఎవురయ్యా నువ్వు? ఏందా తట్టుడు? అసలే వినబడక చస్తా ఉండా!”

“అరవబాకండి. టవరు చూడనీకి నేనే పిలిపించినా. మనిషి పైకెక్కాల, సెట్టు ఆపండి” అంది వెనకే వచ్చిన తిలకవతి.

“ఎక్కనీ! ఎక్కి చూసి, ఏమీ లేదని వాడే చెప్తాడు.”

వచ్చినాయన నడుముకు తాడు బిగించి టవరెక్కాడు. చూస్తే వయసు మళ్లినవాడే.

“పదిలం నాయనా!” అంటూ తిలకవతి కింద నిలబడి గుండెలు అరచేత పట్టుకుంది.

కేబులు యాంటెన్నాకు కలిసేచోట జాయింటు ఊడదీసి, దిగొచ్చి ఆమెకు చూపించాడు. లోపలంతా నీళ్లు. రాగి పచ్చగా చిలుము పట్టింది. సముద్రపు గాలి ఊరికే ఉంటుందా!

మళ్లీ ఎక్కి కొత్త జాయింటు వేశాడు. నీళ్లు దిగకుండా టేపు చుట్టాడు. ఎవరూ అడక్కపోయినా, టవరు ఒరగకుండా పట్టి ఉంచే స్టే వైర్లు కూడా బిగించాడు.

సెట్టు వేయగానే ముకుందన్ కేక పెట్టాడు.

“తిలకా! లోకమంతా వినబడతా ఉండాది!”

“చూస్తిరా, లోపం మనదే.”

“యాడిదైతే ఏంది! వాడు బాగుంటే ఇప్పుడు పలుకుతాడు. ఎవురూ లోపలికి రావద్దు!”

గదికి లోపల గడియ పడింది. కీ చప్పుడు మొదలైంది.

టవరు దిగొచ్చినాయన తలుపు బయటే నిలబడి విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. తలుపు మీద తట్టాడు. ఆగి, మళ్లీ తట్టాడు.

“తిలకా, ఆయప్పను పంపించెయ్యి! యానాం పలకాల్సిన టైములో ఈ దడదడ ఏంది?”

తిలకవతికి చచ్చేంత సిగ్గేసింది.

“మనసులో పెట్టుకోబాకయ్యా. స్నేహితుని కోసం ఆయన మనసు మనసులో లేదు.”

ఆయన అరచేతి మీద వేలితో రాస్తున్నట్టు చూపించాడు.

“సంతకమా? అవన్నీ కదిరవన్‌తో నేను మాట్లాడుకుంటాలే.”

ఆయన పకపకా నవ్వేశాడు. వరండా మెట్ల మీద కూర్చోబెట్టి పెరుగన్నం పెడితే కడుపునిండా తిన్నాడు. తిన్నంతసేపూ చెవి లోపలి కీ చప్పుడు మీదే ఉంది.

చాలాసేపు చూశాడు. తలుపు తెరుచుకోలేదు. ఇక బస్సుకు వేళయిందని సైగ చేసి, మూసిన తలుపుకే దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం కదిరవన్ ఫోన్ చేశాడు.

“తప్పుగా అనుకోవద్దు పెద్దమ్మా. ఈరోజు మనిషి దొరకలేదు, రేపు పంపిస్తా.”

“అదేంది? మరి పొద్దున వచ్చినాయన ఎవురు?”

అతను బదులు చెప్పేలోగా గది తలుపు భళ్లున తెరుచుకుంది.

“తిలకా, యానాం పలికింది!”

ఆమె పరిగెత్తింది. అప్పటికే ముకుందన్ ముఖంలో వెలుగు తగ్గింది.

“ఇది సత్తిరాజు చెయ్యి కాదు. ఎవురో కొత్తగా నేర్చినోళ్లు, తడబడతా ఉండారు” అంటూ, అందిన మాట అందినట్టే పైకి చెప్పసాగాడు.

“నేను సత్తిరాజు గారి కోడల్ని. మీ టవరు బాగుచేసి వస్తానని మామయ్య నిన్ననే బస్సెక్కారు. కొత్త ఊరు, పైగా ఆయనకు పుట్టుకతో మాట రాదు, ఎలా వెళ్తారని మేం కంగారుపడితే, తలుపు మీద తడితే చాలు, ముకుందన్ నన్ను గుర్తుపట్టేస్తాడని మాకు ధైర్యం చెప్పి మరీ బయల్దేరారండీ.”