కరెంటాయన

హాల్లో మరో డౌన్‌లైట్ మాడిపోయింది. ఈ నెలలో ఇది నాలుగోది. మదన్‌మోహన్ తల పైకెత్తి, ఆ బల్బును, సీలింగ్ చేసినవాణ్ణి, చేయించమని సలహా ఇచ్చినవాణ్ణి వరసపెట్టి తిట్టాడు.

మొగుడంపల్లి దగ్గర ముప్పై ఎకరాల చెరకు, జహీరాబాద్‌లో రెండంతస్తుల ఇల్లు, కాలనీ సంఘానికి అధ్యక్ష పదవి. ఇన్ని ఉన్న ఆయన కళ్లకు ఎదుటివాడు మనిషిలా ఆనడం కష్టమే. పాతవన్నీ పీకించి ఎల్‌ఈడీలు పెట్టించాలని నిశ్చయించుకున్నాడు. కరెంటు ఆదా కోసం మాత్రం కాదు. ఆదా బిల్లు కట్టేవాళ్లకు కావాలి.

ఆయన ఇంట్లో సగం కరెంటు మీటరు గడప తొక్కదు. ఇల్లు కట్టినప్పుడే, స్తంభం నుంచి వచ్చే తీగకు డాబా మీద నీళ్ల ట్యాంకు వెనకాల ఇంకో తీగ కలిపించాడు. ఏసీలు, గీజర్లు, హాల్లో లైట్లు అన్నీ ఆ దొంగ లైను మీదే. సీలింగ్‌లో చెయ్యి పెట్టినవాడికి ఆ సంగతి తెలియక తప్పదు. వాడు నోరు జారితే కేసు, పేపర్లో పేరు, కాలనీలో తల ఎత్తుకోలేని బతుకు.

అందుకే లైట్ల దుకాణానికి ఫోన్ చేసి, "పనోడు ఎట్లున్నా సరే. నోట్లె నాలుక లేనోణ్ణి చూసి తోలు," అన్నాడు.

భార్య మనోరమ ఆ మాట విని దగ్గరికొచ్చింది. "బయటోనికి ఆ లైను చూపిస్తరా?"

"వాడు చూస్తే ఎంత, గోడ చూస్తే ఎంత? నువ్వు ఫికర్ చెయ్యకు."

మర్నాడు పదింటికి పనిమనిషి శాంతమ్మ లోపలికొచ్చింది. "పటేలా, కరెంటాయన వచ్చిండు."

గుమ్మం దగ్గర నలభై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. వెలిసిన చొక్కా, భుజాన సంచి, చెప్పుల నిండా దుమ్ము. మదన్‌మోహన్ అతని పేరు అడగలేదు. ఇలాంటివాళ్లకు పేర్లుంటాయని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

"చెప్పులు గేటు బయట ఇడువు. గోడలకు చెయ్యి తాకనియ్యకు. గివే లైట్లు."

"నమస్తే సార్. ఇంట్ల మొత్తం ఎన్నుంటయి?"

"లెక్కపెట్టుకో. లెక్కలొస్తయా నీకు?"

"జర జర వస్తయి సార్."

అతను గది గదీ తిరిగి కాగితం మీద రాసుకున్నాడు. లైట్లతో ఆగకుండా ఏసీలు, గీజర్లు, ఫ్యాన్లు కూడా రాస్తుంటే మదన్‌మోహన్‌కు ఒళ్లు మండింది.

"అవన్నీ నీకెందుకు?"

"లోడు చూడాలె గద సార్."

"నీ సదువు సల్లగుండ! రాస్కో."

మనోరమ మంచినీళ్లు తెచ్చిచ్చింది. "బయట నల్లా ఉన్నది గద, గ్లాసెందుకు?" అని మొగుడు ఆమె మీద విరుచుకుపడ్డాడు. అతను ఏమీ విననట్టు నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఒకసారి మెయిన్ బంద్ చెయ్యున్రి సార్."

మదన్‌మోహన్ బంద్ చేశాడు. హాల్లో లైట్లు దర్జాగా వెలుగుతూనే ఉన్నాయి. అతను నోరు తెరిచి చూస్తుండిపోయాడు. ఆ ముఖం చూసి మదన్‌మోహన్‌కు నవ్వు ఆగలేదు.

"ఏం, సమజ్ అయితలేదా?"

"లేదు సార్. జర చూపిస్తే..."

తెలివితక్కువవాడికి తెలివి చూపించడంలో ఉన్న సుఖం ఇంతా అంతా కాదు. మదన్‌మోహన్ స్వయంగా అతన్ని డాబా మీదికి తీసుకెళ్లి, ట్యాంకు వెనకాల నల్ల టేపు చుట్టిన అతుకు చూపించాడు.

"గిది మీటర్‌కు తెల్వది. ఆరేండ్ల సంది నడుస్తున్నది. మీ అసొంటోళ్లు జన్మంత తీగలు గుంజినా గిసొంటి ఆలోచన రాదు."

"ఆరేండ్లా సార్!" అంటూ అతను వంగి చూశాడు. "ఫోటో తీసుకుంట సార్. రేపు పనిల తప్పు కావద్దు."

"తీసుకో. ఇంట్ల పెట్టుకొని దండం పెట్టు. కాని బజార్ల నోరు విప్పినవో, జహీరాబాద్‌ల నీకు ఇంకో ఇంట్ల పని దొరకదు."

"బజార్ల మాట్లాడే అలవాటు లేదు సార్."

నోట్లో నాలుక లేనివాణ్ణే పంపాడని దుకాణదారును మనసులోనే మెచ్చుకున్నాడు. ఆయన ఇంకొకరిని మెచ్చుకోవడం ఈ ఏడాదిలో అదే మొదలు.

కిందికి వచ్చాక అతను మెట్ల మీద కూర్చుని సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. చాలాసేపు ఓపిగ్గా నింపి, పెన్నుతో సహా అందించాడు.

"చూసిందంత రాసిన సార్. జర చదువుకొని సంతకం పెట్టున్రి."

"కోడి గీకినట్టున్న నీ రాత నేను చదవాల్నా?"

"చదివితేనే మంచిది సార్."

"నాకే చెప్పొచ్చినవా? ఇటు తే."

కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా సంతకం గీకేశాడు. అంతటితో ఊరుకోలేక దాని కింద 'అధ్యక్షుడు, కాలనీ సంఘం' అని కూడా రాశాడు. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో భద్రపరుచుకున్నాడు.

"ఇగ నిచ్చెన తెచ్చి పని షురూ చెయ్. పొద్దంత నీ మొఖం చూసుకుంట కూసోలేను."

అతను జవాబు చెప్పేలోపే గేటు దగ్గర్నుంచి శాంతమ్మ కేక వినిపించింది.

"పటేలా, లైట్లు మార్చే కరెంటాయన ఇప్పుడొచ్చిండు, మీటర్ల తనిఖీ కరెంటాయన పని అయిపోయిందా?"