అంపైర్లకు చాయ్ లేదు

ఈల మోగింది. అరగంటలో ఇది ఏడోసారి.

శిల్ప హాకీ స్టిక్కుతో కొట్టిన బంతి నేరుగా గోల్‌లోకి పోయింది. అయినా గోల్ లేదన్నాడు అంపైర్.

"ఎందుకు లేదు?" అంటూ గోడ మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి లేచారు.

అంపైర్ ఈల నోట్లోనే ఉంచుకున్నాడు. కుడిచెయ్యి ఎత్తి అరచేయి చూపించాడు. తర్వాత చెయ్యి తిప్పి వెనకవైపు చూపించి, తల అడ్డంగా ఊపాడు.

"ఏందది? అయిదు, అయిదు అంటుండా?" అన్నాడు ఫోన్ల దుకాణం జగదీశ్.

"నాకూ ఏం సమజైతలేదు," అన్నాడు గురులింగప్ప.

అభిమానులందరికీ పెద్ద ఆయనే. బడి మైదానం గేటుకు ఎదురుగా ఆయన దుకాణం. బోర్డు మీద 'వీరప్ప టీ పాయింట్' అని రాసి ఉంటుంది.

వీరప్ప ఆయన తండ్రీ కాదు, తాతా కాదు. ముప్పై ఐదేళ్ల కిందట జహీరాబాద్ హాకీ జట్టు ఫైనల్ ఆడినప్పుడు, చివరి నిమిషంలో గోల్ కొట్టిన మొనగాడు. ఆ గోల్‌ను అంపైర్ ఒప్పుకోలేదు. జట్టు ఓడిపోయింది, ఒకరినొకరు తిట్టుకుని చెదిరిపోయింది. వీరప్ప ఊరే విడిచిపోయాడు.

"అంపైర్ గోల్ మింగిండు. ఏడుస్తున్న వీరప్పను ఈ భుజాల మీదనే మోసిన," అంటూ గురులింగప్ప చాయ్‌తో పాటు ఈ కథ కూడా పోస్తుంటాడు. లెక్క కడితే అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. ఎవరూ లెక్క కట్టరు.

ఇన్నాళ్లకు ఊళ్లో మళ్లీ జట్టు లేచింది. అందరూ ఆడపిల్లలు, పదహారు దాటనివాళ్లు. కోచ్ లేడు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నారు. గెలిచిన మ్యాచ్ ఒక్కటీ లేదు. గురులింగప్పకు మాత్రం ఫికర్ లేదు.

"పిల్లలు ఇంక చిన్నోళ్లు. రెండేండ్లు ఆగు, స్టేట్ కప్పు మనదే. శిల్ప ఉన్నది కదా!"

వచ్చే ఆదివారం సంగారెడ్డిలో జిల్లా ఎంపిక మ్యాచ్. గెలిస్తే రాష్ట్రపోటీలకు పోతారు. ఓడితే మైదానం క్రికెట్‌వాళ్లకు ఇచ్చేస్తామని బడివాళ్లు ముందే చెప్పారు.

ఈరోజు రాయికోడ్ పిల్లలతో ఆడుతున్నది ఉత్త ప్రాక్టీసు మ్యాచ్. రావలసిన అంపైర్ రాలేదు. పాత మోపెడ్ మీద వచ్చి ఓ పక్కన నిలబడ్డ పెద్దాయన, "నేను చేస్త," అంటూ జేబులోంచి ఈల తీశాడు.

జేబులో ఈల పెట్టుకుని తిరిగే మనిషి ఎవరని అప్పుడే అడగాల్సింది. ఎవరికీ తోచలేదు.

మ్యాచ్ ముగిసేసరికి శిల్ప గోల్స్ మూడు రద్దయ్యాయి. జట్టు ఓడింది.

పెద్దాయన చెమట తుడుచుకుంటూ దుకాణం ముందుకు వచ్చాడు. బోర్డు వైపు చాలాసేపు చూశాడు.

"తమ్మీ, ఒక చాయ్ పొయ్యి. జర మాట్లాడేదున్నది."

"మాటల్లేవు. ఇది వీరప్ప పేరు మీద పెట్టిన దుకాణం. అంపైర్లకు చాయ్ లేదు."

"పిల్లల గురించే..."

"పిల్లల ఉసురు పోసుకున్నది చాలు. పో!"

ఆలోపే జగదీశ్ మోపెడ్ టైర్లలో గాలి తీసేశాడు. పెద్దాయన చక్రాల వైపు చూసి హ్యాండిల్ పట్టుకున్నాడు. గేటు దగ్గర నిలబడ్డ శిల్పకు దూరం నుంచే మళ్లీ అరచేయి చూపించాడు, చెయ్యి తిప్పి చూపించాడు. ఎండలో బండి తోసుకుంటూ పోయాడు.

"పిచ్చోడు," అన్నాడు జగదీశ్.

శిల్పకు మాత్రం ఆ చెయ్యి మనసులోంచి పోలేదు. తన ఊరు మొగుడంపల్లిలో ఇంటి ముందు కూర్చుని స్టిక్కును అటూ ఇటూ తిప్పింది. ఒకవైపు చదును. ఇంకోవైపు గుండ్రం. తన అరచేయి చూసుకుంది. చెయ్యి తిప్పి చూసుకుంది.

ఆమె మొదట ఆట నేర్చింది మేకలు కాసేటప్పుడు, వంకర తుమ్మకట్టెతో. దానికి ముందూ లేదు, వెనకా లేదు. ఎటు తిప్పి కొట్టినా ఒకటే. అదే అలవాటు అసలు స్టిక్కుకూ వచ్చింది. వెనకవైపుతో బంతిని కొట్టకూడదని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఆ గోడ మీది అభిమానుల్లో ఎవరికైనా తెలిస్తే గదా చెప్పడానికి!

ఆదివారం సంగారెడ్డిలో, ఇంకో నిమిషం ఉందనగా బంతి శిల్పకు ఎడమవైపు వచ్చింది. మునుపైతే స్టిక్ వెనకవైపుతోనే లాగి కొట్టేది. ఈసారి మణికట్టు తిప్పి, చదునువైపు బంతికి తగిలేలా కొట్టింది.

ఈల మోగింది. మళ్లీ గోల్ మింగిన్రనుకుని గురులింగప్ప లేచి నిలబడ్డాడు.

గోల్ ఇచ్చారు! ఆ ఒక్క గోల్ తేడాతో జట్టు గెలిచింది.

తిరుగు బస్సులో శిల్ప స్టిక్కు చూపించి సంగతంతా చెప్పింది. "ఆ సార్ మొన్న చెప్పిందే చేసిన కాకా."

గురులింగప్ప సిగ్గుతో తల కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"జగదీశ్, ఆయనది ఏ ఊరురా?"

"తెల్వదు. మోపెడ్ అయితే నిన్న కోహీర్ బడి కాడ చూసిన."

తెల్లారి శాలువా ఒకటి, ఫ్లాస్కు నిండా చాయ్ పట్టుకుని ఇద్దరూ కోహీర్ పోయారు. మైదానంలో ఇరవై మంది పిల్లల మధ్య పెద్దాయన నిలబడి అరచేయి చూపిస్తున్నాడు.

"తప్పైంది సార్. మా పిల్లలకు కోచ్‌గ రాండ్రి," అన్నాడు గురులింగప్ప.

"అది అడుగుదామనే మొన్న నీ దుకాణం కాడికి వచ్చిన తమ్మీ. ఇప్పుడు వీళ్లకు మాటిచ్చిన."

గురులింగప్ప ఏం చేయాలో తోచక ఫ్లాస్కు మూత తీసి చాయ్ పోశాడు. పెద్దాయన నెమ్మదిగా తాగాడు.

"ఒక్క మాట ఇంటవా? ఆ బోర్డు తీసెయ్యి."

"అదెట్ల సార్? వీరప్ప గోల్ మింగిన్రు కదా ఆనాడు!"

పెద్దాయన ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చాడు.

"ఎవరూ మింగలె తమ్మీ, ఆనాడు ఆ బంతిని స్టిక్కు వెనకవైపుతో కొట్టింది నేనే."