పక్క డాబా దీపం

మా నక్షత్రాల సంఘం నెలకోసారి ఆన్‌లైన్లో కలుస్తుంది. టెలిస్కోపు నాది, కాబట్టి మా డాబా ఎక్కి అందరికీ ఆకాశం చూపించే పనీ నాదే.

"పక్కింటావిడ డాబా మీద దీపం మళ్లీ వేసిందండీ! శనిగ్రహం కనపడి చావట్లేదు. వెలుగు రాక్షసి!" అని ఫోన్లో మొత్తుకున్నాను. ఆవిడతో ఎన్నడూ ఒక్క మాటా ఆడలేదు గానీ, రెండేళ్లుగా సంఘానికి ఇవే చాడీలు.

'పాలపుంత' అనే సభ్యురాలు ఎప్పట్లాగే ఓదారుస్తూ రాసింది: "అలాంటివాళ్లకి ఆకాశం విలువేం తెలుస్తుందండీ!" ఆవిడ ముఖం చూపించదు, నోరు విప్పదు, కానీ ఎప్పుడూ నా పక్షమే.

టెలిస్కోపు గొట్టం కాస్త తిప్పాను. దానికి తగిలించిన ఫోన్ తెర మీదికి శని వచ్చింది, చుట్టూ వలయంతో సహా!

"అమ్మ బాబోయ్, ఉంగరం!" అని పక్కింటి కిటికీలోంచి కేక వినిపించింది. క్షణం ఆలస్యంగా అదే కేక నా ఫోన్లోనూ వినిపించింది. ఎప్పుడూ ఆపి ఉండే పాలపుంత మైకు గుర్తు వెలుగుతోంది.

"పాలపుంతగారూ... మీరుండేది మా పక్కింట్లోనా?"

నా గొంతు ఆవిడకీ రెండుసార్లు వినిపించి ఉంటుంది.

టప్పున పక్క డాబా దీపం ఆరిపోయింది. నెత్తిమీద ఆకాశం నక్షత్రాలతో కిక్కిరిసిపోయింది.

ఫోన్లో అక్షరాలు మెరిశాయి: "ఆర్పేశానండీ. ఇక కానివ్వండి, రాక్షసి ఎదురుచూస్తోంది."