తీసేసిన షాట్

"ఒక్కసారి చూపించమ్మా, చూసి వెళ్లిపోతా," అంది నాంచారమ్మ. బందరు తీరం నుంచి రెండు బస్సులు మారి నందిగామలో మైథిలి ఇంటికి వచ్చిందామె.

మత్స్యకారుల మీద మైథిలి తీసిన డాక్యుమెంటరీలో నాంచారమ్మ భర్త ఉన్నాడు. షూటింగ్ అయిన రోజే అతని పడవ తుపానులో చిక్కుకుంది. మళ్లీ తిరిగి రాలేదు.

మైథిలి టేపు పెట్టింది. టీవీలో పడవ సముద్రంలోకి కదిలింది. అక్కడితో సినిమా అయిపోయింది.

"ఆయన వెనక్కి తిరిగి చూళ్లేదా?"

మైథిలి తటపటాయించింది. "చూశారండి. కెమెరా వంకే చూస్తున్నారని ఆ షాట్ తీసేశా."

"అదే చూపించు."

మైథిలి అసలు టేపు వేసింది. పడవలో నిలబడ్డ మనిషి పదేపదే ఒడ్డు వైపు తిరుగుతున్నాడు.

"నీ వంక కాదమ్మా," అంది నాంచారమ్మ. "నువ్వు నిలబడ్డ చోటుకి వెనకాలే మా ఇల్లు. ఆ పొద్దున గొడవపడ్డాం. నేను బయటికి రాకుండా తలుపేసుకు కూర్చున్నా."

మైథిలి టేపు ఆపింది.

నాంచారమ్మ లేచి, చీర సర్దుకుని, ఆయన చూపు తగిలేలా టీవీకి ఎదురుగా నిలబడింది.

"మళ్లీ వెయ్యమ్మా. ఈసారి వాకిట్లోనే ఉన్నా."