కొట్టుగది నోటుబుక్కు

"ఉల్లిపాయల పక్కన బంగాళాదుంపలు పెట్టొద్దమ్మా. మొలకలొచ్చి కుళ్ళిపోతాయి."

కొట్టుగది గుమ్మంలో ఎవరో ముసలాయన. చేతిలో గొడుగు, చెప్పుల నిండా మట్టి.

ఆమె చేతిలోని దుంపల బుట్ట దించలేదు. "మీరెవరు?"

"దారిన పోతున్నా. తలుపు తీసి ఉంటే ఆగాను."

ఎకరం చేను కొని ఏడాదైంది. పోయిన వానలు వెలిశాక, మళ్ళీ వానలు వచ్చేదాకా ఒక్క కూరగాయ కూడా బజారులో కొననని వదినతో పంతం పట్టింది. "ఆర్నెల్లు తిరక్కుండా సంచీ పట్టుకుని పరుగెత్తకపోతే చూడు" అని వదిన నవ్వింది.

ఆమె ధైర్యమంతా మేకుకు వేలాడే ఆ పాత నోటుబుక్కే. చేనుతోపాటే వచ్చింది. ఎవరు రాశారో అమ్మినవాళ్ళకే తెలియదు. ఉల్లి ఎలా ఆరబెట్టాలి, గుమ్మడికాయను తొడిమతో ఎందుకు కోయాలి, చలికాలం క్యారెట్లను ఇసుకలో ఎలా దాచాలి, అన్నీ ఉన్నాయి. ప్రతి వాక్యం చివరా చుక్కకు బదులు చిన్న సున్నా. ఏడాదంతా అందులో ఉన్నది ఉన్నట్టు చేసింది. ఒక్కటీ తప్పలేదు.

"ఇందులో పక్కపక్కనే పెట్టమని ఉంది" అంది.

"రాసినవాడికి అప్పటికి తెలిసుండదు."

"ఆయనకు తెలియంది మీకు తెలుసా?"

ముసలాయన నవ్వాడు. "ఒకసారి ఇలా ఇవ్వమ్మా. ఆ ఒక్క ముక్కా దిద్దేసి పోతాను."

"దానిమీద చెయ్యి పడనివ్వను. నాకు గురువంటే అదే. ఎండెక్కుతోంది, బయల్దేరండి తాతగారూ."

ఆయన కోప్పడలేదు. కాసేపు నోటుబుక్కునే చూశాడు. బుట్టలకు గుర్తులు పెట్టే సుద్దముక్క తీసుకుని తలుపు వెనకాల ఏదో గీశాడు. గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ దారిన రాలేదు.

చాదస్తం అనుకుందామె. ఏం రాశాడో చూసే తీరిక కూడా లేకపోయింది.

నెలన్నర తర్వాత దుంపల బుట్టలో చెయ్యి పెడితే మెత్తగా దిగబడింది. సగానికి సగం కుళ్ళు.

వదిన నవ్వు చెవుల్లో మోగింది. అయినా కూలబడలేదు. కొంగు ముక్కుకు కట్టుకుని మంచివన్నీ ఏరి, ఇంట్లో మంచం కిందికి చేరవేసింది. పొదుపుగా వండితే వానల దాకా సరిపోతాయి. పంతం ఇంకా తనదే.

కంపు పోవాలని కొట్టుగది కిటికీ బార్లా తెరిచింది. తలుపు వెనకాల సుద్దరాత మీద వెలుతురు పడింది.

"దుంపలు వేరే గదిలో ఉంచాలి, పొరపాటు నాదే" అని ఉంది, చివర చుక్కకు బదులు చిన్న సున్నా.